జిగ్‌జాగ్ మిషన్: టెన్షన్ తిప్పే ముందు సూది, దారం సరిచూసుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఇన్నాళ్ళూ సాదా కుట్టు మిషన్ మీద కుట్టారు, ఇప్పుడు ఇంట్లోకి జిగ్‌జాగ్ మిషన్ వచ్చింది. సాదా కుట్టు ఒక మోస్తరుగా పడుతోంది. జిగ్‌జాగ్ పెట్టగానే గుడ్డ అడుగున దారం ఉండ కడుతోంది, ఒకసారి సూది టప్పున విరిగింది, టీషర్టు గుడ్డ మీదైతే కుట్లు వదిలేస్తోంది. టెన్షన్ (దారం బిగువు) ఏ నంబరు మీద పెట్టాలి, మిషన్‌లోనే లోపం ఉందా అని మీ సందేహం.

ముందు టెన్షన్ డయల్ 4 మీద పెట్టి, దాని మీద నుంచి చెయ్యి తీసేయండి. 0 నుంచి 9 దాకా అంకెలుండే మిషన్లలో 3కీ 5కీ మధ్యే మామూలు గుడ్డలన్నీ కుట్టొచ్చు. మిషన్లు బాగుచేయడం, కొత్తవాళ్ళకి కుట్టు నేర్పడం నా పని. టెన్షన్ పోయిందంటూ నా దగ్గరికి వచ్చే మిషన్లలో ఎక్కువ వాటికి టెన్షన్‌కి ఏమీ కాలేదు. సూది సరిగ్గా ఉండదు, లేదా పైదారం సరిగ్గా ఎక్కి ఉండదు. మీరు చెప్పిన మూడు ఇబ్బందులకీ ముందు వెతకాల్సింది అక్కడే. వాటిని సరిచేయకముందే డయల్ తిప్పడం మొదలుపెడితే, అసలు తప్పు ఎక్కడుందో ఇక తెలియదు. తప్పు మీద తప్పు పేరుకుపోతుంది.

సాదా కుట్టు మిషన్ మీద అన్నేళ్ళు రాని ఇబ్బంది దీని మీద ఎందుకు వస్తోందన్నది ముందు అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. సూది అడుగుదాకా దిగి, మళ్ళీ రెండు మిల్లీమీటర్లకు కాస్త పైగా లేచేసరికి, గుడ్డ పట్టి ఉంచడం వల్ల దారం సూదితో పాటు పైకి రాలేదు. సూది కంటి వెనకవైపు చిన్న ఉచ్చుగా ఉబ్బుతుంది. షటిల్ (ప్లేటు కింద తిరిగే కొక్కెం లాంటి భాగం) ముక్కు సరిగ్గా అప్పుడే సూదిని రాసుకున్నంత దగ్గరగా వచ్చి, ఆ ఉచ్చును అందుకుని బాబిన్ కేసు (కిందదారం చుట్టిన బాబిన్ ఉండే డబ్బీ) చుట్టూ తిప్పుతుంది. పైదారం, కిందదారం ఒకదాన్నొకటి పట్టుకునేది అలాగే. సాదా కుట్టులో సూది ఎప్పుడూ ఒకే చోట దిగుతుంది కాబట్టి ఈ లెక్క కాస్త అటూ ఇటూ అయినా కుట్టు పడిపోతుంది. జిగ్‌జాగ్‌లో సూది ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి పడుతుంది. మామూలు ఇంటి మిషన్లలో ఈ ఊపు 5 మిల్లీమీటర్ల దాకా, కొన్నిటిలో 7 దాకా ఉంటుంది. షటిల్ మాత్రం సూది ఎటు పడిందో చూసుకోదు, తన దారిన తాను తిరుగుతుంది. అందుకని ఎడమ పక్క ఉచ్చును ఒక ఎత్తులో, కుడి పక్క ఉచ్చును ఇంకో ఎత్తులో అందుకోవాల్సి వస్తుంది. సూది అర మిల్లీమీటరు కిందికి దిగి ఉన్నా సాదా కుట్టు నడిచిపోవచ్చు. అదే సూదితో జిగ్‌జాగ్ వేస్తే ఒక పక్క కుట్టు పడి రెండో పక్కది తప్పిపోతుంది. జిగ్‌జాగ్ మిషన్‌కి సూది విషయంలో ఇంత పట్టింపు ఉండటానికి కారణం ఇదే.

కాబట్టి సూది దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడున్న సూది ఎంత కొత్తగా కనిపించినా తీసి పక్కన పెట్టండి. ఒకటి విరిగిందన్నారు కాబట్టి, దాని స్థానంలో పెట్టింది సరైన రకమేనా అన్నది నా మొదటి అనుమానం. ఇంటి మిషన్లకి కావాల్సింది 130/705 హెచ్ రకం. కొన్ని పెట్టెల మీద ఇదే హెచ్ఏ×1 అనో 15×1 అనో రాసి ఉంటుంది. దీని తల ఒకవైపు చదునుగా ఉంటుంది. కంటికి కాస్త పైన, వెనకవైపు చిన్న లోతు చెక్కి ఉంటుంది. షటిల్ ముక్కు దగ్గరగా వచ్చేందుకే ఆ లోతు. ఫ్యాక్టరీ మిషన్లకి వాడే గుండ్రటి తల సూది కూడా ఇందులో దూరుతుంది, స్క్రూ కూడా బిగుస్తుంది. అయితే దాని తల సన్నం, కన్ను ఉండాల్సిన ఎత్తులో ఉండదు. అది వాడకండి.

సూది పెట్టేటప్పుడు మిషన్ స్విచ్ ఆపేయండి. చక్రాన్ని మీ వైపుకి తిప్పుతూ సూదిని బాగా పైకి తెచ్చుకోండి (చక్రం ఎప్పుడూ మీ వైపుకే తిప్పాలి, అవతలికి తిప్పితే దారం షటిల్‌లో ఇరుక్కుంటుంది). చదును వెనక్కి ఉండేలా సూదిని పట్టుకుని, లోపల అడ్డు తగిలేదాకా పైకి తోయండి. అలా తోసి పట్టుకునే స్క్రూ బిగించండి, చివరి బిగువు చిన్న స్క్రూడ్రైవరుతో ఇవ్వండి. ఒట్టి వేళ్ళతో బిగించిన సూది జిగ్‌జాగ్ ఊపుకి మెల్లమెల్లగా కిందికి జారుతుంది. కొన్ని పాత మిషన్లలో దారం పక్క నుంచి ఎక్కుతుంది, వాటిలో చదును కూడా పక్కకే ఉంటుంది. ఏ మిషనైనా గుర్తు ఒకటే. సూది పొడవునా ఒక సన్నటి గాడి ఉంటుంది, గోరు పెడితే తెలుస్తుంది. దారం ఆ గాడి వైపు నుంచి కంట్లోకి వెళ్ళాలి, చదును దానికి వెనకవైపు ఉండాలి.

సైజుల గురించి ఎక్కువ చెప్పను. 80/12 అని ఉంటే ముందు అంకె సూది మందం, అంటే 0.8 మిల్లీమీటరు. పల్చటి సిల్కు, షిఫాన్ లాంటివాటికి 60 లేదా 70, మామూలు కాటన్‌కి 80, కాస్త మందమైన గుడ్డకి 90, జీన్స్‌కి 100 లేదా 110. సుమారు ఎనిమిది గంటల కుట్టుకి ఒక సూది మార్చండి. కుట్టేటప్పుడు గుడ్డలో దిగుతూ టక్ టక్ అని చప్పుడు చేస్తే ఆ గడువు దాకా కూడా ఆగొద్దు. సూది వంగిందేమోనని అనుమానమొస్తే చదును వైపు అద్దం మీద ఆనించి పక్క నుంచి చూడండి. సూదికీ అద్దానికీ మధ్య సందు మొన దాకా ఒకే తీరుగా ఉండాలి.

ఇక దారం. అడుగున ఉండ కట్టగానే అందరూ బాబిన్ కేసు తీసి దాని స్క్రూ తిప్పేస్తారు. ఆ ఉండను విప్పి రంగు చూడండి. అందులో ఉన్నది చాలావరకు పైదారమే. షటిల్ చుట్టూ తిరిగొచ్చిన పైదారాన్ని వెనక్కి లాగే బిగువు పైన లేకపోతే, ఆ దారం అడుగునే పోగుపడుతుంది. అంటే అడుగున కనిపించే తప్పుకి మూలం పైన ఉంది.

పైన బిగువు ఎందుకు లేకుండా పోతుంది? టెన్షన్ డయల్ వెనక రెండు గుండ్రటి రేకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, దారం వాటి మధ్య నుంచి పోవాలి. ఫుట్ (గుడ్డను పైనుంచి నొక్కి పట్టే పాదం) పైకి ఎత్తినప్పుడు ఆ రేకులు విడిపడతాయి, దించితే బిగుసుకుంటాయి. ఫుట్ దించి ఉంచి దారం ఎక్కిస్తే దారం రేకుల మధ్యకి పోదు, బయటే అంచు మీద కూర్చుంటుంది. చూడటానికి దారం అన్ని చోట్లా ఎక్కినట్టే ఉంటుంది, బిగువు మాత్రం సున్నా. అప్పుడు మీరు టెన్షన్ 9 దాకా తిప్పినా ఏమీ మారదు. ఇంతకుముందు మీరు వాడిన మిషన్‌లో రేకులు బయటికే కనబడుతుంటాయి కాబట్టి, దారం ఎక్కడ కూర్చుందో చూస్తూ పెట్టుకున్నారు. ఇందులో రేకులు మూత లోపల ఉంటాయి. అందుకే దారం ఎక్కించేటప్పుడల్లా ఫుట్ పైకి ఎత్తి ఉండాలి.

ఇది సరిగ్గా అయిందో లేదో చేత్తోనే తెలుసుకోవచ్చు. ఫుట్ ఎత్తి ఉంచి, రీలు నుంచి కిందికి దిగే గాడి, మళ్ళీ పైకి వెళ్ళే గాడి, పైన ఊగే మీట, అక్కడి నుంచి సూది దగ్గరి చిన్న కొక్కెం, చివరికి సూది కన్ను, ఇలా దారం ఎక్కించండి. ఇప్పుడు దారాన్ని మెల్లగా వెనక్కి లాగండి, తేలిగ్గా వస్తుంది. ఫుట్ దించి మళ్ళీ లాగండి. ఈసారి దారం మొరాయించాలి, సూది మీ చేతి వైపు కొద్దిగా వంగాలి. రెండుసార్లూ ఒకేలా తేలిగ్గా వచ్చిందంటే దారం రేకుల్లో పడలేదు, తీసి మొదటి నుంచీ ఎక్కించండి. దారం ఎక్కించిన ప్రతిసారీ నేను ఈ పరీక్ష చేస్తాను. ఐదు సెకన్ల పని.

పైన ఊగే మీట గురించి కూడా ఒక మాట. సూదితో పాటు పైకీ కిందికీ ఆడే ఆ మీట కంట్లోంచి దారం జారిపోయి ఉంటే రెండు మూడు కుట్లకే మిషన్ బిగుసుకుపోతుంది. దారం ఎక్కించేముందు చక్రం తిప్పి ఆ మీటను బాగా పైకి తెచ్చుకుంటే కన్ను కనబడుతుంది, తప్పే వీలుండదు. కుట్టు మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు కూడా అది పైనే ఉండాలి. కింద ఉండగా మొదలుపెడితే, అది పైకి లేస్తూ సూదిలోంచి దారాన్ని లాగేసుకుంటుంది.

బాబిన్ చుట్టేటప్పుడు దారాన్ని రీలు నుంచి నేరుగా బాబిన్‌కి పట్టుకెళ్ళకండి. మిషన్ మీద ఒక చిన్న గుండ్రటి బిగువు బిళ్ళ ఉంటుంది, దాని కిందుగా తిప్పి తీసుకెళ్తేనే చుట్టు గట్టిగా, సమంగా పడుతుంది. నొక్కితే మెత్తగా ఉండే బాబిన్‌తో కుట్టు ఒక చోట బిగువుగా, ఒక చోట వదులుగా వస్తుంది. అలాంటిది విప్పి మళ్ళీ చుట్టడమే మంచిది. ఒకేలా కనబడే బాబిన్లలో ఎత్తు తేడాలుంటాయి, మిషన్‌తో వచ్చిన రకమే వాడండి. పాత దారం మీద కొత్త దారం చుట్టొద్దు.

ముందు నుంచి బాబిన్ కేసు పెట్టే మిషనైతే, బాబిన్‌ను కేసులో వేసి దారాన్ని చీలికలోకి లాగి, అక్కడి నుంచి రేకు స్ప్రింగు కిందుగా బయటికి తీయాలి. చీలిక దగ్గర దారం వచ్చిన దిక్కుకి వెనక్కి మళ్ళాలి. నేరుగా జారిపోయిందంటే బాబిన్ తిరగేసి పెట్టారన్నమాట. ఇప్పుడు దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదీయండి. దానంతట అది కిందికి జారిపోకూడదు. చేతిని చిన్నగా కుదిపితే కాస్త దిగి ఆగాలి, సాలీడు తన దారానికి వేలాడినట్టు. అలా ఉంటే కేసు స్క్రూ జోలికి పోవద్దు. జారిపోతుంటేనో, కుదిపినా కదలకపోతేనో, ముందు స్ప్రింగు కింద పీచు ఇరుక్కుందేమో చూసి, అప్పుడు కూడా స్క్రూను గడియారం నిమిషాల ముల్లు ఐదు నిమిషాల్లో కదిలేంత మాత్రమే తిప్పండి. కేసును షటిల్‌లో పెట్టేటప్పుడు దాని పొడుగాటి వేలు పైనున్న గాడిలో కూర్చోవాలి, క్లిక్ అని చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే కేసు సగమే పట్టుకుని ఉంటుంది. కుట్టేటప్పుడు ఊడొచ్చి సూదికి అడ్డం పడుతుంది.

పైదారం కొస ఎడమ చేత్తో పట్టుకుని, చక్రం మీ వైపుకి ఒక చుట్టు తిప్పితే కిందదారం ఉచ్చుగా పైకి వస్తుంది. దాన్ని లాగి, రెండు దారాలనీ పది సెంటీమీటర్ల పొడవు ఉంచి ఫుట్ కిందుగా వెనక్కి వేయండి. మొదటి మూడు నాలుగు కుట్లు పడేదాకా ఆ కొసలు పట్టుకునే ఉండండి. మొదట్లోనే ఉండ కట్టే బాధ చాలామందికి ఈ ఒక్క అలవాటుతో పోతుంది.

సూది విరగడం గురించి. జిగ్‌జాగ్ పెట్టగానే విరిగిందంటే మూడిటిలో ఒకటి జరిగి ఉంటుంది. మొదటిది, సాదా కుట్టు ఫుట్ మార్చకపోవడం. ఆ ఫుట్‌లో సూదికి ఒక చిన్న కన్నమే ఉంటుంది, సూది పక్కకి వెళ్ళేసరికి ఇనుముని గుద్దుకుంటుంది. జిగ్‌జాగ్ ఫుట్‌లో అడ్డంగా పొడవాటి సందు ఉంటుంది. కింద సూది ప్లేటు కూడా అలాగే అడ్డ సందు ఉన్నదై ఉండాలి. రెండోది, సూది గుడ్డలో దిగి ఉండగా కుట్టు డయల్ తిప్పడం. డయల్ తిప్పగానే సూది పక్కకి జరగాలని చూస్తుంది, గుడ్డ కదలనివ్వదు, సూది వంగుతుంది. తర్వాతి కుట్టుకి ప్లేటుకి తగిలి విరుగుతుంది. డయల్ తిప్పేముందు సూది గుడ్డ పైకి రావాలి, దీనికి మినహాయింపు లేదు. మూడోది, గుడ్డను వెనక నుంచి లాగడం. గుడ్డను నడిపేది కింద ఉన్న పళ్ళు. మీ చేతులు దారి చూపిస్తే చాలు. తొక్కే మిషన్ మీద గుడ్డ లాగి కుట్టే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోవాలి. కొత్తగా ఏ కుట్టు పెట్టినా, మోటారు మీద కాలు పెట్టే ముందు చేత్తో చక్రం తిప్పి రెండు కుట్లు వేసి చూడండి. ఎక్కడైనా తగిలితే చేతికి తెలిసిపోతుంది. విరిగిన సూది మొన ముక్క దొరికిందా? దొరక్కపోతే షటిల్ లోపల వెతకండి. అక్కడ మిగిలిపోతే షటిల్ ముక్కును గీరేస్తుంది.

ఇవన్నీ అయ్యాక టెన్షన్ చూద్దాం. మీరు కుట్టబోయే గుడ్డనే రెండు మడతలు వేసి, పైన ఒక రంగు, కింద ఇంకో రంగు దారం పెట్టండి, రెండూ ఒకే రకం దారమై ఉండాలి. సాదా కుట్టు వేసి చూస్తే పైన పై రంగు, కింద కింది రంగు మాత్రమే కనబడాలి. కిందదారం పైన చుక్కలుగా తేలితే పై బిగువు ఎక్కువైనట్టు, అంకె తగ్గించండి. పైదారం అడుగున ఉచ్చులుగా కనబడితే అంకె పెంచండి. ఒకసారికి అర అంకె చాలు. జిగ్‌జాగ్‌లో చూడాల్సింది వేరు. ఇక్కడ పైదారం అడుగున మలుపుల దగ్గర కొద్దిగా కనబడటం తప్పు కాదు, అలాగే ఉండాలి. పైన మాత్రం కిందదారం అసలు కనబడకూడదు. అందుకే సాదా కుట్టుకి సరిపోయిన టెన్షన్‌ను జిగ్‌జాగ్‌కి అర నుంచి ఒక అంకె తగ్గించాల్సి రావచ్చు. గుడ్డ మధ్యలో గొట్టంలా ముడుచుకుంటోందా? పల్చటి గుడ్డ మీద వెడల్పు జిగ్‌జాగ్ వేస్తే అలా అవుతుంది. టెన్షన్ తగ్గించండి, వెడల్పు తగ్గించండి, అయినా పోకపోతే మూడు చిన్న కుట్లుగా పడే జిగ్‌జాగ్ పెట్టండి. చాలా మిషన్ల డయల్ మీద అది ప్రతి గీతా చిన్న చిన్న ముక్కలుగా ఉన్న జిగ్‌జాగ్ బొమ్మగా ఉంటుంది.

ఈ మిషన్ ఉన్నందుకు అసలు లాభం అంచుల దగ్గర. జిగ్‌జాగ్ కుట్టు మిషన్‌కి 1873లో అమెరికాలో హెలెన్ అగస్టా బ్లాంచర్డ్ అనే ఆవిడ పేటెంట్ తీసుకున్నారు. అది కూడా కత్తిరించిన అంచు పోగులు ఊడకుండా పట్టి ఉంచే కుట్టు కోసమే. కుట్టు వెడల్పు 3 నుంచి 4 మిల్లీమీటర్లు, పొడవు 2 దగ్గర పెట్టుకోండి. సూది ఎడమకి పడినప్పుడు గుడ్డ మీద, కుడికి పడినప్పుడు గుడ్డ అంచు దాటి ఒక్క వెంట్రుకవాసి బయట పడాలి. కొత్తవాళ్ళు ఇక్కడే వెనకాడతారు, రెండు పక్కలా గుడ్డ మీదే పడేలా కుడతారు. అప్పుడు కుట్టుకి బయట మిగిలిన అంచు రెండు ఉతుకులకే పీచుగా ఊడిపోతుంది. బయటికి పడితేనే దారం అంచును చుట్టుకుంటుంది. అంచు ముడుచుకుపోతుంటే, మధ్యలో సన్నటి తీగ ఉండే ఓవర్‌కాస్ట్ ఫుట్ విడిగా దొరుకుతుంది. ఆ తీగ అంచును పరిచి పట్టుకుంటుంది. కొనుక్కోదగిన మొదటి అదనపు ఫుట్ అదేనని నా ఉద్దేశం.

టీషర్టు గుడ్డ మీద కుట్లు తప్పడానికి కారణం పైన చెప్పిన ఉచ్చులోనే ఉంది. మామూలు సూది మొన అల్లిక గుడ్డ పోగును పొడుస్తుంది, పోగు సూదిని పట్టుకుంటుంది, సూది లేస్తుంటే గుడ్డ కూడా దాంతో పాటు పైకి లేస్తుంది. గుడ్డ లేచిందంటే దారం ఉబ్బదు, ఉచ్చు ఏర్పడదు, షటిల్ ముక్కు ఖాళీగా తిరిగిపోతుంది. దీనికి టెన్షన్ మందు కాదు. మొన గుండ్రంగా ఉండే సూది కావాలి. అది పోగును పొడవకుండా పక్కకి జరిపి దిగుతుంది. బాగా సాగే గుడ్డకి స్ట్రెచ్ సూది, పెట్టె మీద 130/705 హెచ్-ఎస్ అని ఉంటుంది, 75 సైజు పెట్టండి. సాదా కుట్టు సాగదు కాబట్టి ఆ గుడ్డ వేసుకుని చెయ్యి ఎత్తగానే పటుక్కుమంటుంది. వెడల్పు 0.5 నుంచి 1, పొడవు 2.5 పెట్టి సన్నటి జిగ్‌జాగ్‌తో జాయింట్లు వేయండి. దూరం నుంచి సాదా కుట్టులాగే ఉంటుంది, లాగితే సాగుతుంది. ఫుట్ ఒత్తిడి తగ్గించే మరో మర మీ మిషన్‌లో ఉంటే కాస్త వదులు చేయండి. గుడ్డ అలలు అలలుగా రాకుండా ఉంటుంది. కుట్టేటప్పుడు లాగి పట్టుకోకండి.

కాజాలకి తొందరపడకండి, పదిహేను రోజులు అంచులు వేశాక మొదలుపెట్టండి. కాజా అంటే దగ్గరగా పడ్డ జిగ్‌జాగే, పొడవు 0.3 నుంచి 0.5 మధ్య. డయల్ మీద నాలుగు అంచెలుగా ఉంటే ఒక పక్క, ఒక కొస, రెండో పక్క, రెండో కొస, ఇలా నడుస్తుంది. ప్రతి మార్పుకీ ముందు సూది పైకి. పొడవెంతంటే గుండీ వెడల్పు, దానికి గుండీ మందం కలపండి. గుడ్డ లోపల కాన్వాసు ముక్క లేకుండా కాజా వేస్తే ముడుచుకుపోతుంది. కోసేటప్పుడు రెండు కొసల దగ్గరా గుండుసూదులు అడ్డంగా గుచ్చి, మధ్యలోంచి బయటికి కోయండి. రిప్పర్ (కుట్లు కోసే చిన్న పనిముట్టు) చెయ్యి జారినా గుండుసూది దగ్గర ఆగిపోతుంది. గుండీ కూడా ఈ మిషన్ మీదే కుట్టొచ్చు. పళ్ళు దించి, పొడవు 0 పెట్టి, వెడల్పును గుండీ కన్నాల దూరానికి సరిపోయేలా చేత్తో చక్రం తిప్పి చూసుకోండి. రెండు కన్నాల్లోనూ సూది ఏమీ తగలకుండా దిగితేనే కాలు పెట్టండి.

మందమైన మడతల దగ్గర మిషన్ ఆగిపోతే అది ఫుట్ తప్పు. ఫుట్ ముందువైపు మడత మీదికెక్కి, వెనకవైపు కిందికి వాలిపోయి ఉంటుంది. అదే మందం వచ్చేలా గుడ్డ ముక్క మడిచి ఫుట్ వెనక భాగం కింద పెట్టండి, ఫుట్ సమంగా నిలబడి నడుస్తుంది.

శుభ్రం చేయడం మాత్రం వాయిదా వేయొద్దు. నాలుగైదు బాబిన్లు అయ్యేసరికి ప్లేటు తీసి చూస్తే పళ్ళ మధ్య పీచు దట్టంగా పేరుకుని ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో బయటికి తీయండి, నోటితో ఊదకండి, తడి లోపలికి పోతుంది, పీచు ఇంకా లోతుకి పోతుంది. ముందు నుంచి కేసు పెట్టే మిషనైతే సూదిని పైకి పెట్టి, స్విచ్ ఆపి, కేసు తీసి, పక్కల ఉన్న రెండు నల్ల మీటలు బయటికి తెరవండి. చుట్టు రింగు ఊడొస్తుంది. మధ్య కడ్డీ పట్టుకుని లాగితే షటిల్ చేతిలోకి వస్తుంది. ఎలా కూర్చుని ఉందో ఫోటో తీసుకుని మరీ తీయండి. అది తిరిగే గాడిలో పీచు తుడిచి, కుట్టు మిషన్ నూనె ఒక్క చుక్క వేయండి. వంటనూనె, కొబ్బరినూనె కొన్నాళ్ళకి జిగురుగా మారి మిషన్‌ను బిగించేస్తాయి. తుప్పు వదిలించే స్ప్రే అసలు నూనే కాదు, అది ఉన్న నూనెను కూడా కడిగేస్తుంది. మిగతా చోట్ల నూనె వేయాలా వద్దా అన్నది మీ మిషన్ పుస్తకం చూసి చేయండి. కొన్ని మిషన్లకి లోపల వేయనక్కర్లేదు. నూనె వేశాక పనికిరాని గుడ్డ మీద కాసేపు కుట్టి, మరక రావడం లేదని చూసుకుని అసలు గుడ్డ పెట్టండి.

కొత్త సూది, ఫుట్ ఎత్తి ఎక్కించిన దారం, గట్టిగా చుట్టిన బాబిన్, శుభ్రమైన షటిల్, ఇవన్నీ ఉండీ మామూలు కాటన్ మీద కూడా జిగ్‌జాగ్‌లో ఎప్పుడూ ఒకే పక్క కుట్టు తప్పుతుంటే, అప్పుడది మెకానిక్ పని. షటిల్‌కీ సూదికీ ఉన్న సమయం తప్పింది, లేదా సూది పట్టే కడ్డీ ఎత్తు మారింది. సూది గట్టిగా ఇనుముకి తగిలి విరిగిన తర్వాత అలా అయ్యే అవకాశం ఉంది. అది ఇంట్లో స్క్రూలు విప్పి సరిచేసేది కాదు. తీసుకెళ్ళేటప్పుడు ఒట్టి మిషన్ తీసుకెళ్ళకండి. రెండు మడతల కాటన్ ముక్క మీద, పైన ఒక రంగు, కింద ఒక రంగు దారంతో సాదా కుట్టు ఒక వరస, వెడల్పు 2తో జిగ్‌జాగ్ ఒక వరస, వెడల్పు 5తో ఒక వరస వేసి, పక్కన టెన్షన్ ఎంత, పొడవు ఎంత, ఏ సూది అని పెన్నుతో రాసి దాన్ని కూడా పట్టుకెళ్ళండి. ఎటు పక్క తప్పుతోందో మెకానిక్‌కి ఆ ముక్క చూడగానే తెలుస్తుంది. ఆ ముక్క రెండు వైపులా ఫోటో తీసి ఇక్కడ పెట్టినా సరే, చూసి చెప్తాను.